కొత్త మోటరు, పాత రబ్బరు

మా బాపు కారుకి ఎడమవైపు ముందు అద్దం పద్నాలుగు నెలల తేడాలో రెండుసార్లు పాడయింది. మొదటిసారి హైదరాబాదులో బాగుచేయించాను. ఏసీ లాంజ్, ఫ్రీ కాఫీ, "మీ కారు వాషింగ్‌కి వెళ్ళింది" అని మొబైల్‌కి మెసేజీలు వచ్చే సర్వీస్ సెంటర్‌లో. రెండోసారి జనగామలో, రేకుల షెడ్డులో, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని బాగుచేయించాను. మధ్యలో మానుకోటలో కూడా ఒకచోట "బాగుచేయించాను". ఆ కోట్స్ ఎందుకు పెట్టానో ముందు ముందు తెలుస్తుంది.

ఇదంతా చూసి "కంపెనీవాడు దొంగ, రోడ్డు పక్క మెకానిక్ దేవుడు" అనే టపా అనుకునేరు. కాదు. నేనూ అలాగే రాద్దామనుకున్నాను గానీ, కూర్చుని ఆలోచిస్తే దొంగల లిస్టులో మొదటి పేరు నాదే వచ్చింది :-)

ముందు కారు సంగతి. బాపు సింగరేణిలో ఫిట్టర్. భూపాలపల్లి కేటీకే గనుల్లో పంపులు, కన్వేయర్ బెల్టులు చూసుకుంటూ రిటైరయ్యాడు. 2009లో ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాడు. కంపెనీ పేరు ఎందుకులెండి, ఏ కంపెనీదైనా కథ ఇదే. 2024లో పదిహేనేళ్ళు నిండాయి. అమ్మేయమన్నాను. వినలేదు. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఆరొందల నుంచి ఐదువేలు చేశారు కదా, ఆ ఐదువేలూ కట్టి, ఫిట్‌నెస్ చేయించి, ఇంకో ఐదేళ్ళు రాయించుకున్నాడు. ఇప్పుడు తను నడపట్లేదు. పక్కింటి కుర్రాడు నడుపుతాడు, బాపు ఎడమవైపు ముందు సీట్లో కూర్చుంటాడు. అంటే పాడైన అద్దం సరిగ్గా ఆయన పక్కదే.

దుమ్ము తగిలితే బాపుకి ఆయాసం. మూణ్ణెల్లకోసారి హైదరాబాదులో డాక్టరుకి చూపించాలి. భూపాలపల్లి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక పక్క బొగ్గు గనులు, ఇంకో పక్క చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. బొగ్గు లారీ వెనకాల అద్దం దించుకుని రెండు కిలోమీటర్లు వెళ్తే తెల్ల చొక్కా రంగు మారుతుంది. అలాంటి ఊళ్ళో ఆయనకి కారు అద్దం పైకి లేవకపోవడం చిన్న సమస్య కాదు.

మొదటిసారి, 2023 డిసెంబరులో, హైదరాబాదు వచ్చినప్పుడు అద్దం సగంలో ఆగిపోయింది. నేను సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తుంటే బాపు ఒక మాట అన్నాడు.

"అద్దం శాన రోజులసంది బిగుసుకపోతున్నది రా. ఒకసారి రబ్బరు చూడుమను."

నేను "సరే బాపు" అన్నాను. మనం తల్లిదండ్రులతో అనే "సరే"కి అర్థం ఏమిటో మీకు తెలుసు. సర్వీస్ అడ్వైజర్ "కంప్లైంట్ ఏంటి సార్?" అని అడిగాడు. "అద్దం పైకి రావట్లేదు" అన్నాను. అతను అదే టైపు చేశాడు. రబ్బరు మాట నేను చెప్పనేలేదు. సాయంత్రం ఫోన్ చేసి, రెగ్యులేటర్ పోయింది, మోటరుతో కలిపి అసెంబ్లీగానే వస్తుంది, లేబరుతో ఏడువేల ఎనిమిదొందలు అన్నాడు. ఆన్‌లైన్‌లో కట్టేశాను. అద్దం సర్రున లేచింది. అందరం ఖుషీ. బాపు మాత్రం డోరులోకి తొంగి చూసి "రబ్బరు పాతదే ఉన్నది" అని ఊరుకున్నాడు.

ఇక్కడ ఒక రెండు నిమిషాల పాఠం, తెలిసినవాళ్ళు దాటేయండి. కారు డోరులో చిన్న 12 వోల్టుల మోటరు ఉంటుంది. దానికి వార్మ్ గేరు. మోటరు తిరిగితే గేరు తిరుగుతుంది గానీ, అద్దాన్ని చేత్తో కిందికి నొక్కితే గేరు వెనక్కి తిరగదు. అందుకే మోటరు ఆపినా అద్దం ఎక్కడిదక్కడ నిలబడుతుంది. పాత పద్ధతిలో కత్తెరలాంటి చేతులు అద్దాన్ని లేపేవి. మా కారులాంటి వాటిలో సైకిల్ బ్రేకు వైరులాంటి స్టీలు కేబుల్ ఉంటుంది. అది పైనా కిందా గిలకల మీదుగా తిరిగి, అద్దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ ముక్కని పట్టా మీద పైకీ కిందికీ లాగుతుంది. మోటరు కాక మిగిలిన ఈ సరంజామానే రెగ్యులేటర్ అంటారు. మెకానిక్కులు "అద్దం మిషన్" అంటారు.

అద్దం అటూ ఇటూ ఊగకుండా రెండు పక్కలా రబ్బరు గాడి ఉంటుంది. కొత్తలో దాని లోపల మెత్తటి నూగులాంటి పూత ఉండి అద్దం జారుతుంది. ఎండకి ఎండి, దుమ్ము పట్టి, ఆ పూత అరిగిపోతే రబ్బరు అద్దాన్ని కరుచుకుంటుంది. మోటరు ఇంకా బలంగా లాగాలి. కేబుల్ మీద, ప్లాస్టిక్ ముక్క మీద బరువు పెరుగుతుంది. ఏదో ఒకరోజు అన్నిటికన్నా బలహీనమైనది తెగుతుంది. తెగిందాన్ని మారిస్తే రెండోసారి కూడా అదే తెగుతుంది.

మొత్తం కథ ఈ ఒక్క పేరాలోనే ఉంది. కానీ ఇది నాకు తెలియడానికి పద్నాలుగు నెలలు, మూడు ఊళ్ళు పట్టింది.

2025 ఫిబ్రవరి. మా అక్కావాళ్ళది మహబూబాబాద్, మా వైపు అందరం మానుకోట అనే అంటాం. మేనకోడలి పట్టుచీర ఫంక్షన్. అమ్మనీ బాపునీ భూపాలపల్లి నుంచి అక్కడికి తీసుకెళ్ళి, అటునుంచి అటే డాక్టరు కోసం హైదరాబాదు తీసుకురావాలని ప్లాను. బయల్దేరిన పది నిమిషాలకే బాపు అద్దం సగంలో ఆగింది. నేను స్విచ్ నొక్కుతూనే ఉన్నాను. మోటరు మూలిగింది. అద్దం కదల్లేదు. కాసేపటికి నాలుగు అద్దాల స్విచ్చులూ చచ్చిపోయాయి. ఫ్యూజు కొట్టేసింది.

నర్సంపేట, గూడూరు మీదుగా సగం తెరిచిన అద్దంతో ప్రయాణం. మిర్చి సీజను. మార్కెట్టుకి వెళ్ళే మిర్చి ట్రాలీల వెనకాల ఎప్పుడైనా అద్దం లేకుండా వెళ్ళారా? మాకు తుమ్ములు, బాపుకి దగ్గు. అమ్మ చీర కొంగు తడిపి ఆయన ముక్కుకి అడ్డం పెట్టింది. ఏడువేల ఎనిమిదొందలు కట్టిన కొడుకు స్టీరింగ్ పట్టుకుని రోడ్డే చూస్తూ కూర్చున్నాడు.

మానుకోటలో బావ ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అతను ఫ్యూజు డబ్బా తీశాడు. మూత మీద 20 ఆంప్స్ అని రాసి ఉంది. పసుపుపచ్చ ఫ్యూజు కాలిపోయి ఉంది. అతను ఆకుపచ్చది పెట్టాడు. ఆకుపచ్చ అంటే 30 ఆంప్స్. "ఇగ కొట్టెయ్యది సార్, పవర్ పెంచిన" అన్నాడు. నేను ఏమీ అనలేదు. బీటెక్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ పాసయినవాణ్ణే మరి. ఫ్యూజు ఉండేది మోటరుకి పవర్ ఇవ్వడానికి కాదు, ఎక్కువ కరెంటు లాగితే వైరు కాలకముందే తను కాలిపోవడానికి. 20కి సరిపడే వైరు మీద 30 ఫ్యూజు పెడితే, కాలాల్సిన వరసలో ముందు నిలబడేది వైరే. ఇవన్నీ తెలిసి కూడా, ఫంక్షన్‌కి టైమవుతోందని ఊరుకున్నాను.

స్విచ్ నొక్కాం. అద్దం ఒక నాలుగంగుళాలు లేచింది. ఆ తరువాత "ఠప్" మని శబ్దం. అద్దం మొత్తం డోరులోకి పడిపోయింది.

అప్పటిదాకా ఫ్యూజు ఆపుతున్నది ఆ ప్రమాదాన్నే. అది చెప్పిన మాట వినకుండా దాని నోరు మూయించాం. అప్పుడు ప్లాస్టిక్ ముక్క విరిగింది, కేబుల్ గిలక దాటి చిక్కు పడింది.

ఇప్పుడు మనవాళ్ళందరికీ ఒక ప్రశ్న. ప్రొడక్షన్‌లో అప్లికేషన్ మెమరీ చాలక పడిపోతుంటే, లీకు ఎక్కడుందో చూడకుండా హీప్ సైజు డబుల్ చేసినవాళ్ళు చేతులెత్తండి. టైమౌట్ ఎర్రర్ వస్తుంటే ముప్ఫై సెకన్లని అరవై చేసినవాళ్ళు? ఎక్సెప్షన్‌ని పట్టుకుని, ఏమీ చెయ్యకుండా ఖాళీ బ్రాకెట్లలో పూడ్చిపెట్టినవాళ్ళు? నేను మూడూ చేశాను. ఆకుపచ్చ ఫ్యూజు పెట్టిన ఆయన్ని తిట్టే హక్కు నాకు లేదు. ఆయన రోడ్డు మీద చేసిందే నేను ఏసీలో చేస్తాను, పైగా దానికి రిలీజ్ నోట్స్ కూడా రాస్తాను.

ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. "అద్దం పైకి లేపి లోపట కట్టె ముక్క కొట్టి ఫిక్స్ చేస్త సార్. ఇగ దించేది లేదు, ఏసీ వేసుకొని వాడుకోండ్రి." మూడొందలు. నాకది బ్రహ్మాండంగా నచ్చింది. ఎలాగూ పాత కారు, ఎలాగూ బాపుకి దుమ్ము పడదు, అద్దం ఎప్పటికీ మూసే ఉంటే నష్టమేంటి?

బాపు ఒప్పుకోలేదు. "హైదరాబాద్ పోయేదాక పెట్టు. తర్వాత తీసి బాగు చేపియ్యి. తెరుసుకోని అద్దం పక్కన నేను కూసోను" అన్నాడు. మొండితనం అనుకున్నాను. తరువాత కారులో అమ్మ చెప్పింది అసలు సంగతి.

2023 జులై 27న భూపాలపల్లి నుంచి పరకాల వచ్చే దారిలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. పక్క జిల్లా ములుగులో లక్ష్మీదేవిపేట దగ్గర ఒక్కరోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడిన రోజది. ఊరివాళ్ళు ఇళ్ళ కప్పులెక్కితే హెలికాప్టర్లు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలో ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి ఒక తండ్రీ కూతురూ చనిపోయారు. ఆ వార్త చూసిన రోజు బాపు అన్నం తినలేదట. వాళ్ళూ మనలాగే హైదరాబాదు బయల్దేరినవాళ్ళే. అప్పట్నుంచీ వానాకాలంలో కారెక్కగానే ముందు తన అద్దం దించి, లేపి చూసుకోవడం ఆయనకి అలవాటయిందట. కొడుకుగా నాకీ సంగతి తెలియదు. చెప్తే "సరే బాపు" అంటానని చెప్పలేదేమో.

ఆయన భయంలో లెక్క ఉంది. కారు నీళ్ళలో పడితే బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోవడం కష్టం. మునగకముందు ఆ మొదటి నిమిషంలో అద్దం దించుకుని బయటపడడమే దారి. పవర్ విండో ఆ కాస్త సమయం పనిచేసే అవకాశం ఉంది, తడిసిన తరువాత నమ్మకం లేదు. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్నది, కొడితే బీటలు వారుతుంది గానీ విడిపోదు. పక్క అద్దాలు మామూలుగా ఒకటే పొర టెంపర్డ్ గ్లాసు, మూల మీద మొన ఉన్న చిన్న సుత్తితో కొడితే రవ్వలై రాలుతుంది. ఆ సుత్తి డిక్కీలో కాదు, చేతికందే చోట ఉండాలి. అన్నిటికన్నా ముందు, రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే కారు దింపకూడదు. ఇవన్నీ తెలిసే ఒక పెద్దాయన తన పక్క అద్దానికి కట్టె ముక్క కొట్టొద్దంటే నేను చాదస్తం అనుకున్నాను.

తొర్రూరు, పాలకుర్తి మీదుగా వస్తుంటే గతుకులకి ఆ కట్టె ముక్క కూడా జారింది. జనగామ వచ్చేసరికి అద్దం మళ్ళీ డోరులో. సాయంత్రం చలి. ఎవర్నో అడిగితే బైపాసుకి పోకుండా ఊళ్ళో ఉన్న ఒక షెడ్డు చూపించారు. అక్కడ యాభై దాటిన ఒక భాయ్, ఒక చిన్న కుర్రాడు.

భాయ్ ముందు పానా పట్టుకోలేదు. ప్రశ్నలడిగాడు. ఎప్పట్నుంచి బిగుసుకుంటోంది? ఎండలో ఎక్కువా, పొద్దున ఎక్కువా? దిగేటప్పుడా, లేచేటప్పుడా? ఇంతకుముందు ఎవరు విప్పారు? బండి ఏ ఊళ్ళో ఉంటుంది? "భూపాలపల్లి" అనగానే తల ఊపాడు. ఆ తరువాత లోపలి లైటు వేసి నన్ను స్విచ్ నొక్కమన్నాడు. లైటు కొంచెం మసకబారింది.

"మోటర్ దాక కరెంట్ పోతుంది సార్. లైట్ డల్ కాకపోతే స్విచ్చో, వైరో, ఫ్యూజో చూసేది. డల్ అయితుందంటే మోటర్ గుంజుతుంది, లోపట ఏదో పట్టుకున్నది."

మల్టీమీటర్ లేదు, స్కానర్ లేదు. ఒక బల్బుతో సగం సమస్యని పక్కన పెట్టేశాడు. బైనరీ సెర్చ్ అంటే ఇదే కదండీ! శబ్దంతో కూడా చెప్పొచ్చన్నాడు. మోటరు ఖాళీగా గిర్రున తిరిగితే కేబులో గేరో పోయినట్టు, మూలిగి ఆగితే ఎక్కడో బిగుసుకున్నట్టు, అసలు శబ్దమే లేకపోతే కరెంటు రానట్టు. ఇది రాసి పెట్టుకోండి, ఏ ఊళ్ళోనైనా పనికొస్తుంది.

డోర్ ప్యాడ్ విప్పాడు. లోపల రేకుకి నల్ల గమ్ముతో అంటించి ఉండాల్సిన ప్లాస్టిక్ షీటు సగం చిరిగి వేలాడుతోంది. అద్దం మీంచి జారి డోరులో పడే వాననీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే. ముందుసారి విప్పినవాళ్ళు తిరిగి అంటించలేదు. రబ్బరు గాడిలోంచి వేలితో తీసి చూపించాడు. నల్లటి పొడి, బొగ్గు దుమ్ము, ఎండిపోయి రాయిలా అయిన రబ్బరు.

"మోటర్ మంచిగనే ఉంది, కొత్తది లెక్కనే ఉంది. రబ్బర్ సచ్చిపోయింది. కొత్త ఎద్దును కట్టిన్రు గని, బండి చక్రానికి కందెన పెట్టలె."

వెనకాల నుంచి బాపు మెల్లగా అన్నాడు: "గనిల గూడ గంతే. బెల్టు తెగిందంటే బెల్టు మార్సుడు తర్వాత ముచ్చట. ఏ రోలర్ ఆగిపోయి బెల్టును అరగదీసిందో ముందు గది చూడాలె." భాయ్ తలెత్తి "మీరు ఏం పని చేసేది పెద్దాయనా?" అన్నాడు. ఆ తరువాత మూడు గంటలు వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. నేను టార్చి పట్టుకున్నాను. నా పన్నెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్‌కి ఆ రోజు దొరికిన రోల్ అదే :-)

రెగ్యులేటర్ హన్మకొండలోని షాపుకి ఫోన్ చేసి తెప్పించాడు. హైదరాబాదు పోయే బస్సులో వేస్తే కుర్రాడు వెళ్ళి తీసుకొచ్చాడు. నా కొత్త మోటరే దానికి బిగించాడు. గాడి రబ్బరు మార్చి, పట్టాని తుడిచి గ్రీజు పెట్టి, రబ్బరుకి మాత్రం గ్రీజు కాకుండా సిలికాన్ స్ప్రే కొట్టాడు, గ్రీజయితే దుమ్ము అంటుకుంటుందని. షీటు కొత్తది కోసి అంటించాడు. ఆఖర్న, ఎవరూ చెప్పకుండానే, ఫ్యూజు డబ్బా తెరిచాడు. ఆకుపచ్చ ఫ్యూజు పీకి నా చేతిలో పెట్టి, పసుపుపచ్చది గుచ్చాడు. రెగ్యులేటర్ పదకొండొందలు, రబ్బరు నాలుగొందల యాభై, కూలి ఐదొందలు. మొత్తం రెండువేల యాభై.

సరే, అసలు విషయానికొద్దాం. డబ్బు తేడా గురించి కాదు నేను చెప్పేది. హైదరాబాదు సర్వీస్ సెంటర్‌కి అద్దెలున్నాయి, జీతాలున్నాయి, వారంటీ ఇస్తారు. ఎక్కువ తీసుకోవడం అర్థమవుతుంది. ఆ టెక్నీషియన్ కూడా మంచి పనివాడే అయ్యుంటాడు. కానీ అతని చేతికొచ్చిన జాబ్ కార్డులో "అద్దం పైకి రావట్లేదు" అని ఒక్క లైను, దానికింత టైము అని ఒక అంకె. బండి ఏ ఊళ్ళో ఉంటుందని అడిగే గడి అందులో లేదు. అడిగినా చెప్పాల్సినవాణ్ణి నేను లాంజ్‌లో కాఫీ తాగుతున్నాను. అతనికి అసెంబ్లీ మార్చడం తప్ప ఇంకో దారి లేదు. మానుకోటాయన రోడ్డు పక్కవాడే, ఆయన చేసింది ఇంకా ప్రమాదం. కాబట్టి గీత కంపెనీకీ రోడ్డుకీ మధ్య లేదు. ఎందుకు పోయిందని అడిగేవాడికీ అడగనివాడికీ మధ్య ఉంది. అడగడానికి సమయం, పార్టు, సమాచారం ఈ మూడూ దొరికే ఏర్పాటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ఏర్పాటు మెల్లగా పోతోంది. అది ఊరికే పోవట్లేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా పద్నాలుగు కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. అది అప్పీళ్ళకెళ్ళింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "రైట్ టు రిపేర్" మీద ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, వ్యవసాయ యంత్రాలతో పాటు కార్లు, బైకులు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని చట్టం చేసింది. మన దగ్గర పోర్టల్ దాకా వచ్చాం, చట్టం దాకా రాలేదు.

జనగామ భాయ్ వెళ్ళేటప్పుడు ఒక మాట అన్నాడు. "గీ బండి నాతోని అయితది సార్. కొత్త బండ్లల్ల డోర్‌కో కంప్యూటర్. మోటర్ మార్చినా కంప్యూటర్ ఒప్పుకుంటెనే అద్దం లేస్తది. ఆ లాకు ఎవరేస్తరో ఏమో, మా అసొంటోళ్ళకు తాళంచెవి ఇయ్యరు."

ఎవరేస్తారో నాకు తెలుసు భాయ్. మేమే. ఆ కోడు రాసేవాళ్ళలో మనవాళ్ళు ఎంతోమంది హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నారు. ఇది చదివేవాళ్ళలో కూడా ఉండే ఉంటారు. ఇంజిన్ తాళం దొంగకి దొరక్కూడదంటే అర్థం ఉంది. అద్దంలో పిల్లల చేతులు ఇరుక్కోకుండా ఆపే సాఫ్ట్‌వేర్ చాలా మంచిది, ఉండాల్సిందే. కానీ అద్దం మోటరుకి కూడా కంపెనీ స్కానర్ ఆశీర్వాదం కావాలనే రిక్వైర్‌మెంట్ వచ్చినప్పుడు, "ఇది ఎందుకు?" అని మీటింగులో ఒక్కసారి అడుగుదాం. ఎర్రర్ కోడు రాసేటప్పుడు, దాన్ని చదివేవాడు జనగామలో రేకుల షెడ్డు కింద ఉండొచ్చని గుర్తుపెట్టుకుందాం. మన ఉద్యోగం పోదు. పోయినా ఒక ప్రశ్న అడిగినందుకు పోదు.

"మా టైమ్ వాల్యూ గంటకింత, పదిహేనేళ్ళ కారుకి ఈ తిప్పలెందుకు, స్క్రాప్‌కిచ్చి కొత్తది కొను" అని కొందరంటారని తెలుసు. నేనూ అదే అన్నాను. కానీ ఆ కారులో చెడిపోయింది ఒక రబ్బరు ముక్క. నాలుగొందల యాభై రూపాయల ముక్క కోసం టన్ను బరువు బండిని తుక్కు చేస్తే, దాన్ని ఆధునికం అనడానికి నాకు నోరు రావట్లేదు. బ్రేకులు పోయి, బాడీ తుప్పు పట్టి, ఫిట్‌నెస్ రాకపోతే నేనే ముందుండి తీసేయిస్తాను. పాతదని కాదు, పనికిరాదని తేలితే.

ఇక మీకు పనికొచ్చే మాటలు. మీ అద్దం నెమ్మదిస్తుంటే, ఆగిపోకముందే రబ్బరు గాడి తుడిపించండి. ఆగితే స్విచ్ నొక్కుతూ ఉండకండి. ఫ్యూజు పోతే అదే రంగుది వెయ్యండి, ఇంకోసారి పోతే కారణం వెతకండి. అద్దం పడిపోతే డోరులో చెయ్యి పెట్టకండి, ఆ రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి. స్విచ్ ఎవరైనా నొక్కితే వేళ్ళు గిలకలో నలుగుతాయి. విప్పించినప్పుడు ప్లాస్టిక్ షీటు తిరిగి అంటించారో లేదో చూడండి. రోజూ ఆ బండిలో కూర్చునేవాళ్ళు ఏమైనా చెప్తే అది కంప్లైంట్‌లో రాయించండి. నేను రాయించి ఉంటే ఏడువేల ఎనిమిదొందల బిల్లులో కొంతయినా, మిర్చి ట్రాలీల వెనక బాపు పడ్డ దగ్గు మొత్తం తప్పేవి.

ఆ రాత్రి జనగామ దాటాక బాపు స్విచ్ నొక్కి అద్దం దించాడు. చల్లగాలి వచ్చింది. ఒక నిమిషం అలాగే ఉంచి మళ్ళీ లేపాడు. చప్పుడు లేకుండా లేచింది. "ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. "రబ్బరు అని నువ్వు ముందే చెప్పినవ్ బాపు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఇంకోసారి దించి, లేపాడు.

ఆకుపచ్చ ఫ్యూజు ఇప్పుడు ఆఫీసులో నా మానిటర్ కింద ఉంది. ఎవరైనా వచ్చి "టైమౌట్ పెంచేద్దామా?" అంటే దాన్ని చూపిస్తున్నాను. పిచ్చోడనుకుంటున్నారు, పర్లేదు. మీ మానిటర్ కింద ఏ ఫ్యూజుందో ఒకసారి చూసుకోండి.